ఇంటికి చెప్పిన వెల న్యాయమైనదేనా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. “ఇల్లు కొని చూడు” అనలేదు. ఆ సామెత పుట్టిన కాలంలో పల్లెల్లో ఇల్లు కొనడం అరుదు. తాతల నాటి దొడ్డిలోనే ఒక ప్రక్కన పునాది తీసేవారు. దూలాలకు ఎంత, సున్నానికి ఎంత, తాపీపనివారి కూలికి ఎంత అని కూడుకుంటే ఇంటి ఖర్చు తేలిపోయేది. ఇంటి అడుగున ఉన్న నేలకు వెల కట్టవలసిన అవసరమే కలిగేది కాదు.

సముద్రాలు దాటి వచ్చిన తెలుగు కుటుంబాలకు ఆ సౌలభ్యం లేదు. వారి జీవితంలో అతి పెద్ద కొనుగోలు ఇల్లే. అయితే ఆ కొనుగోలు తరచుగా ఒక్క వారాంతంలో నిర్ణయమైపోతుంది. శనివారం ఇల్లు చూపిస్తారు. ఆదివారం సాయంత్రానికి ఎంత ఇవ్వదలచుకున్నదీ కాగితం మీద పెట్టమంటారు. అదే ఇంటికోసం మరో పదిమంది కాచుకొని ఉన్నారని మధ్యవర్తి మెల్లగా చెబుతాడు. ముప్ఫై ఏళ్ళు వాయిదాలు కట్టవలసిన అప్పును రెండు రోజులలో తలకెత్తుకొనే దంపతుల మనస్సులో ఒకటే ప్రశ్న మెదలుతూ ఉంటుంది: ఈ పేటలో ఇళ్ళకు చెబుతున్న వెలలు న్యాయమైనవేనా? ఎక్కువ పోసి మోసపోతున్నామా? లేక వెనుకాడి, వచ్చే ఏడు ఇంతకంటె ఎక్కువ పోయవలసి వస్తుందా?

ఈ ప్రశ్నకు ఒక్క అంకెలో సమాధానం లేదు. కాని దానిని విడదీసి, భాగాలుగా పరీక్షించే మార్గాలను ఆర్థికశాస్త్రం కొన్నింటిని రూపొందించింది. ఆ కృషిలో గణనీయమైన భాగం అమెరికాలోని బోస్టన్ నగరంలోనూ, దాని శివారు పట్టణాలలోనూ జరిగింది. అందువల్ల ఆ నగరాన్నే ఉదాహరణగా తీసుకోవడం సముచితం.

బెండకాయలూ, ఇళ్ళూ

కూరగాయల అంగడిలో తెలుగు గృహిణి బెండకాయ కొన విరిచి చూస్తుంది. పుటుక్కున విరిగితే లేత; వంగితే ముదురు. లేత కాయకు రెండు పైసలు ఎక్కువిచ్చినా ఆమెకు అభ్యంతరం లేదు. “లేతదనం” అనే సరుకును ఎవరూ విడిగా అమ్మరు. అయినా దానికి ఒక వెల ఉన్నది. లేత కాయల వెలనూ, ముదురు కాయల వెలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఆ వెల బయటపడుతుంది.

సరిగ్గా ఈ ఆలోచనతోనే ఫ్రెడరిక్ వా అనే ఆర్థికవేత్త బోస్టన్ టోకు మార్కెట్టులో టమాటాలు, దోసకాయలు, ఆస్పరాగస్ కాడల వెలలను పరిశీలించి 1928లో తన ఫలితాలను ప్రకటించాడు. కాడ ఎంత మేరకు పచ్చగా ఉంటే వెల ఎంత పెరుగుతున్నదో ఆయన లెక్క కట్టాడు. 1961లో జ్వీ గ్రిలికెస్ ఇదే పద్ధతిని మోటారు కార్లకు వర్తింపజేశాడు. 1974లో షెర్విన్ రోజెన్ దీనికి పటిష్ఠమైన సిద్ధాంత రూపం కల్పించాడు.

ఇల్లు కూడా ఇటువంటి గుణాల మూటయే. ఎన్ని గదులు, ఎంత స్థలం, ఎన్నేళ్ళ కట్టడం, రైలు స్టేషనుకు ఎంత దూరం, వీధిలో ఎంత రణగొణ, గాలి ఎంత శుభ్రం అనే ప్రతి అంశానికీ వెలలో ఒక వాటా ఉన్నది. వేల ఇళ్ళ వెలలను, వాటి లక్షణాలను గణాంకశాస్త్ర సమీకరణంలో పెడితే ఒక్కొక్క గుణానికి పేట చెల్లిస్తున్న మూల్యం విడిగా తేలుతుంది. డేవిడ్ హారిసన్, డేనియల్ రూబిన్‌ఫెల్డ్ అనే పరిశోధకులు బోస్టన్ ప్రాంతాన్ని 506 జనగణన ఖండాలుగా తీసుకొని, స్వచ్ఛమైన గాలి కోసం ప్రజలు ఇంటివెలలో ఎంత అదనంగా ఇస్తున్నారో 1978లో అంచనా వేశారు.

కొనుగోలుదారుకు దీనివల్ల కలిగే ప్రయోజనం స్పష్టమే. ప్రక్కవీధి ఇల్లు తక్కువకు పోయిందన్నంత మాత్రాన ఈ ఇంటికి ఎక్కువ చెబుతున్నారని అనుకోవడానికి వీలులేదు. రెండింటికీ గల తేడాలను పట్టిక వేసి, ఒక్కొక్క తేడాకు వెల కట్టిన తరువాత మిగిలేదే అసలైన వ్యత్యాసం. మదింపు నిపుణులు ఇటీవల అమ్ముడుపోయిన మూడు నాలుగు ఇళ్ళతో పోల్చి చేసేదీ ఇదే లెక్క.

బడి కోసం గీసిన గీత

తెలుగు తల్లిదండ్రులు ఇల్లు చూసేముందే బడి పేరు అడుగుతారు. మంచి బడి ఉన్న చోట ఇళ్ళ వెలలు ఎక్కువగా ఉంటాయని అందరికీ తెలుసు. అయితే ఆ అధిక వెల బడి వల్ల వచ్చినదా? లేక మంచి బడులున్న చోటనే విశాలమైన ఇళ్ళు, నీడనిచ్చే చెట్లు, ఉద్యానవనాలు కూడా ఉండడం వల్ల వచ్చినదా? ఈ చిక్కుముడిని సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో ప్రకటించిన వ్యాసంలో చక్కగా విప్పింది.

ఆమె బోస్టన్ శివారు పట్టణాలలోని ప్రాథమిక పాఠశాలల సరిహద్దు గీతలను తీసుకున్నది. గీతకు ఈ ప్రక్క ఇంటి పిల్లలు ఒక బడికీ, ఆ ప్రక్క ఇంటి పిల్లలు మరొక బడికీ వెళ్ళాలి. రెండు ఇళ్ళకూ పేట ఒకటే, పట్టణం ఒకటే, పన్ను ఒకటే. కనుక వెలలో తేడా ఉంటే దానికి కారణం బడే అయి ఉండాలి. ఆమెకు లభించిన ఫలితం ఇది: పరీక్షలలో 5 శాతం అధిక మార్కులు తెచ్చుకొనే బడికోసం తల్లిదండ్రులు ఇంటివెలలో సుమారు 2.5 శాతం అదనంగా చెల్లిస్తున్నారు. పేట తేడాలను పట్టించుకోకుండా చేసే మామూలు అంచనాలో సుమారు సగం మాత్రమే ఇది.

ఇందులోని పాఠం కుటుంబాలకు ఎంతో విలువైనది. బడి పేరు చెప్పి అడిగే అదనపు వెలలో కొంత భాగం బడిది కాదు. 6 లక్షల డాలర్ల ఇంటికి 2.5 శాతం అంటే 15 వేల డాలర్లు. బడుల తేడా స్వల్పమై, అడుగుతున్న వెలలో తేడా లక్ష డాలర్లు అయినప్పుడు మిగిలిన 85 వేలు దేనికోసమో విచారించవలసి ఉన్నది. పిల్లలు ఇంకా ఎన్నేళ్ళు ఆ బడిలో చదువుతారో కూడా లెక్కలోకి రావాలి.

సగటు చెప్పే అబద్ధం

“ఈ పేటలో ఇళ్ళ వెలలు ఏడాదిలో 12 శాతం పెరిగాయి” వంటి ప్రకటనలు తరచుగా వినబడతాయి. ఇటువంటి మాటలను అడగకుండా నమ్మరాదు. పోయిన ఏడు చిన్న ఇళ్ళూ, ఈ ఏడు పెద్ద ఇళ్ళూ అమ్ముడుపోతే ఏ ఒక్క ఇంటి వెలా పెరగకుండానే సగటు పెరుగుతుంది. పండ్ల అంగడిలో నిన్న జామకాయలు, ఈ రోజు మామిడిపండ్లు అమ్మి, “పండ్ల వెల పెరిగింది” అన్నట్లే ఇది.

ఈ దోషాన్ని నివారించడానికి ఒక సులభమైన ఉపాయం ఉన్నది. ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడుపోయినప్పుడు ఆ రెండు వెలలను మాత్రమే పోల్చాలి. ఈ పద్ధతిని బెయిలీ, మూత్, నోర్స్ అనే ముగ్గురు 1963లో ప్రతిపాదించారు. బోస్టన్ శివారులోని వెల్‌స్లీ కళాశాలలో బోధించిన కార్ల్ కేస్, యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ షిల్లర్ 1980లలో దీనికి మెరుగులు దిద్దారు. వారి పేర్లతోనే కేస్-షిల్లర్ సూచిక వెలసింది. షిల్లర్‌కు 2013లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమానం పంచుకొనే గౌరవం దక్కింది.

మాసచూసెట్స్ రాష్ట్రంలో ఇళ్ళ క్రయదస్తావేజులు బహిరంగ పత్రాలు. ఏ ఇల్లు ఏ తేదీన ఎంతకు చేతులు మారిందో ఎవరైనా చూడవచ్చు. కొనదలచిన వీధిలో రెండుసార్లు అమ్ముడుపోయిన అయిదారు ఇళ్ళను ఏరుకొని, నడుమ పెద్ద మరమ్మతులు జరిగిన వాటిని తీసివేసి, ఏడాదికి ఎంత శాతం పెరిగాయో చూసుకోవడం ఒక సాయంత్రపు పని. ఆ అంకెలను ద్రవ్యోల్బణంతో కూడా పోల్చాలి. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని హెరెన్‌గ్రాక్ట్ అనే కాలువ ఒడ్డు ఇళ్ళ మీద పీట్ ఐక్‌హోల్ట్స్ ఇదే పద్ధతిలో 1628 నుండి 1973 వరకు లెక్క కట్టాడు. సరుకుల ధరల పెరుగుదలను మినహాయిస్తే, ఆ మూడున్నర శతాబ్దాలలో అక్కడి ఇళ్ళ వెల సుమారు రెండింతలు మాత్రమే అయినది. అంటే ఏడాదికి 0.2 శాతం. నడుమ ఎన్నో ఎత్తులూ, ఎన్నో పల్లాలూ ఉన్నాయి. ఆ ఎత్తులలో కొన్నవారి కష్టం సగటులో కనబడదు.

అద్దె అనే తూకపురాయి

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నీ ఒక ఇంటిని మరొక ఇంటితో పోల్చేవే. పేట మొత్తమే అతిగా పెరిగి ఉంటే ఈ పోలిక దానిని పట్టలేదు. సంతలోని రాళ్ళన్నీ తప్పుడు రాళ్ళయినప్పుడు ఒక రాయిని మరొక రాయితో తూచి లాభమేమి? వెలుపలి నుండి ఒక తూకపురాయి కావాలి. అద్దె అటువంటి రాయి.

అద్దె ఇచ్చేవారు ఇంటిలో నివసించే సుఖానికి మాత్రమే డబ్బు ఇస్తారు. రేపు ఇంటివెల పెరుగుతుందా, తరుగుతుందా అనే చింత వారికి లేదు. అందువల్ల అద్దెలో ఆశ కలవదు. వెలలో ఆశ కలుస్తుంది. రెండింటినీ ప్రక్కన పెడితే ఆశ పాలు ఎంతో తెలుస్తుంది. ఈ లెక్కకు కేంబ్రిడ్జిలోని ఎమ్.ఐ.టి.కి చెందిన జేమ్స్ పొటెర్బా 1984లో ప్రసిద్ధమైన రూపం ఇచ్చాడు.

బోస్టన్ శివారులో ఒక ఇంటికి 8 లక్షల డాలర్లు చెప్పారనుకోవాలి. ఆ వీధిలోనే అటువంటి ఇల్లు నెలకు 3,600 డాలర్లకు అద్దెకు దొరుకుతున్నది. అంటే ఏడాదికి 43,200 డాలర్లు. ఇప్పుడు సొంత ఇంటికి ఏటా అయ్యే ఖర్చు చూడాలి. అప్పు మీద వడ్డీ, చేతి నుండి పెట్టిన సొమ్ము మరోచోట ఉంటే వచ్చే రాబడి, రెండూ కలిపి 6 శాతం. ఆస్తిపన్ను 1.1 శాతం. మరమ్మతులూ, కట్టడపు తరుగుదలా 1 శాతం. బీమా 0.4 శాతం. మొత్తం 8.5 శాతం. 8 లక్షల మీద ఇది 68,000 డాలర్లు అవుతుంది.

అద్దెకు ఉంటే 43,200, సొంతమైతే 68,000. తేడా 24,800 డాలర్లు. ఇది ఇంటివెలలో 3.1 శాతం. కనుక ఇంటివెల ఏటా 3.1 శాతం చొప్పున పెరుగుతూ ఉంటేనే ఈ కొనుగోలు అద్దెతో సరితూగుతుంది. అమ్మేవారు నోటితో చెప్పకపోయినా ఆ 8 లక్షల అంకెలో ఈ వాగ్దానం దాగి ఉన్నది. కొనుగోలుదారు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ పేటలో రాబోయే పదేళ్ళలో అద్దెలూ, ఆదాయాలూ ఏటా 3 శాతం పెరుగుతాయని నమ్మడం సమంజసమా? సమంజసమనిపిస్తే వెల న్యాయమైనదే. అదే ఇంటికి 11 లక్షలు చెబితే దాగిన వాగ్దానం ఏటా 4.6 శాతానికి ఎక్కుతుంది. అంత నమ్మకానికి ఆధారం చూపించమని అడిగే హక్కు కొనేవారికి ఉన్నది.

నివాసం ఎన్నేళ్ళన్నది కూడా ముఖ్యం. కొనేటప్పుడూ, అమ్మేటప్పుడూ అయ్యే ఖర్చులు వెలలో అనేక శాతాలు మింగివేస్తాయి. రెండేళ్ళలో ఉద్యోగం మారి మరో రాష్ట్రానికి పోయే కుటుంబానికి న్యాయమైన వెల కూడా నష్టమే కావచ్చు.

ఒక్క శాతం ఆశ

పై లెక్కనే తిరగవేసి చూస్తే ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపడుతుంది. ఏడాది అద్దె 43,200 డాలర్లు అలాగే ఉన్నది. వెలలు ఏటా 2 శాతం పెరుగుతాయని జనం నమ్మితే ఆ ఇంటికి న్యాయమైన వెల సుమారు 6 లక్షల 65 వేలు. 3 శాతం పెరుగుతాయని నమ్మితే 7 లక్షల 85 వేలు. 4 శాతమని నమ్మితే 9 లక్షల 60 వేలు. ఇంటిలో ఒక్క ఇటుక మారలేదు. ఒక్క గది పెరగలేదు. నమ్మకం ఒక్క శాతం కదిలితే వెల లక్ష డాలర్లకు పైగా కదిలింది.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉన్నది. వెలలు పెరగడం చూసి జనం ఇంకా పెరుగుతాయని నమ్ముతారు. ఆ నమ్మకమే వెలలను మరింత పెంచుతుంది. 1980లలో బోస్టన్‌లో జరిగినది ఇదే. నగరంలో ఉద్యోగాలు, ఆదాయాలు, వడ్డీరేట్లు, కట్టడపు ఖర్చులు మొదలైన వాస్తవ కారణాలను బట్టి చూస్తే వెలలు సుమారు 15 శాతం పెరగవలసి ఉన్నదని కార్ల్ కేస్ నమూనా తేల్చింది. వాస్తవంలో 1988లో శిఖరానికి చేరేలోగా అవి 140 శాతానికి పైగా పెరిగాయి.

ఆ 1988లోనే కేస్, షిల్లర్ ఇద్దరూ లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, బోస్టన్, మిల్వాకీ ప్రాంతాలలో కొత్తగా ఇళ్ళు కొన్నవారికి ప్రశ్నావళులు పంపారు. రాబోయే పదేళ్ళలో ఏటా ఎంత పెరుగుదల ఆశిస్తున్నారని అడిగితే బోస్టన్ వారి సగటు సమాధానం 8.7 శాతం. అలా పెరిగితే పదేళ్ళలో ఇంటివెల 2.3 రెట్లు అవుతుంది. జరిగినది వేరు. బోస్టన్ వెలలు 1990ల తొలి సంవత్సరాలలో పడిపోయాయి. పాత శిఖరాన్ని తిరిగి అందుకోవడానికి ఆ దశాబ్దపు ద్వితీయార్ధం వరకు ఆగవలసి వచ్చింది. ఆ నడుమ ఉద్యోగాలు పోయినవారు, ఊరు మారవలసి వచ్చినవారు అప్పుకంటె తక్కువకు ఇళ్ళు అమ్ముకున్నారు.

2006 తరువాత దేశమంతటా ఇదే కథ పెద్ద ఎత్తున పునరావృతమైనది. కేస్-షిల్లర్ జాతీయ సూచిక 2006 నుండి 2012 వరకు సుమారు 27 శాతం పడింది. బోస్టన్‌లో పతనం అయిదో వంతు దగ్గర ఆగగా, లాస్ వేగస్‌లో 60 శాతం దాటింది.

వడ్డీరేటు కూడా ఆశవంటిదే. అమెరికాలో ముప్ఫై ఏళ్ళ గృహఋణాల సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగి, 2023 అక్టోబరులో దాదాపు 7.8 శాతానికి ఎగబాకింది. 6 లక్షల డాలర్ల అప్పుకు నెలసరి వాయిదా 3 శాతం వడ్డీకి సుమారు 2,530 డాలర్లు. 7 శాతానికి 3,990 డాలర్లు. “నెలకు ఇంతే కదా” అనే మాట వెలను కప్పిపెట్టే తెర. వాయిదా అందుబాటులో ఉన్నదనడమూ, వెల న్యాయంగా ఉన్నదనడమూ ఒకటి కావు.

నేల పెరగదు, నిబంధన పెరుగుతుంది

ఇల్లు అంటే నేల, కట్టడం అనే రెండు వస్తువుల కలయిక. కట్టడం ప్రతి ఏడూ కొంత పాతబడుతుంది. దాని విలువ తరుగుతుంది. పెరిగేది నేల విలువ. అటువంటి కట్టడాన్ని కొత్తగా కట్టడానికి ఎంత అవుతుందో తెలుసుకొని, పాతబడిన మేరకు తగ్గించి, ఇంటివెల నుండి తీసివేస్తే మిగిలేది నేల వెల. ఆ భాగం ఎంత పెద్దదైతే పేట వెలలు అంత ఊగిసలాడే అవకాశం ఉన్నది.

నేలకు అంత వెల రావడానికి ప్రకృతి ఒక్కటే కారణం కాదు. ఎడ్వర్డ్ గ్లేజర్, బ్రైస్ వార్డ్ అనే పరిశోధకులు బోస్టన్ పరిసరాలలోని 187 నగరాలు, పట్టణాలను పరిశీలించి 2009లో ఒక వ్యాసం ప్రకటించారు. ఒక్కొక్క ఇంటికి కనీసం ఇంత స్థలం ఉండాలని పట్టణాలు పెట్టుకున్న నిబంధనలు కఠినమైన కొద్దీ కొత్త ఇళ్ళ నిర్మాణం తగ్గుతున్నదని అందులో చూపించారు. ఇళ్ళు తక్కువ, ఆశించేవారు ఎక్కువ అయినప్పుడు వెల పెరగక తప్పదు. ఈ కారణం వల్లనే మాసచూసెట్స్ శాసనసభ చేసిన చట్టం 2021లో అమలులోకి వచ్చింది. రైలు, బస్సు సదుపాయం ఉన్న, లేదా అటువంటి పట్టణాలను ఆనుకొని ఉన్న 177 పట్టణాలు బహుళ కుటుంబాల ఇళ్ళకు చోటు కల్పించాలని అది ఆదేశిస్తున్నది. కొనుగోలుదారు గమనించవలసినది ఏమనగా, నిబంధన వల్ల వచ్చిన విలువ నిబంధన మారితే కదలవచ్చు.

పొరుగువారి వల్ల కూడా వెల మారుతుంది. 1994 నవంబరులో మాసచూసెట్స్ ఓటర్లు అద్దె నియంత్రణను రద్దు చేశారు. అంతవరకు కేంబ్రిడ్జి నగరంలో ఎన్నో ఇళ్ళ అద్దెలు నియంత్రణలో ఉండేవి. రద్దు తరువాత ఆ ఇళ్ళ విలువ పెరిగింది. విశేషమేమంటే, ఎన్నడూ నియంత్రణలో లేని ప్రక్క ఇళ్ళ విలువ కూడా పెరిగింది. 1994 నుండి 2004 వరకు కేంబ్రిడ్జి నివాస గృహాల విలువలో కలిగిన 770 కోట్ల డాలర్ల పెరుగుదలలో సుమారు నాలుగో వంతుకు ఈ రద్దే కారణమని ఆటర్, పామర్, పాఠక్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2014లో నిరూపించారు. గృహస్థులకు లాభించిన ఆ సొమ్ము వెనుక, పేట విడిచి వెళ్ళవలసి వచ్చిన అద్దెదారులు కూడా ఉన్నారన్నది మరువరాదు.

న్యాయం అనే మాటకు మరో అర్థం

వెల లెక్కకు సరిపోయినంత మాత్రాన న్యాయమైనదేనా? బోస్టన్ చరిత్ర ఈ ప్రశ్నను తప్పించుకోనివ్వదు. 1930లలో ఒక కేంద్ర ప్రభుత్వ గృహఋణ సంస్థ నగరాల పటాలు వేయించి, పేటలకు నాలుగు రంగులు పూయించింది. ఎరుపు రంగు పూసిన పేటలు అప్పు ఇవ్వడానికి అపాయకరమైనవని దాని భావం. నల్లజాతివారు, వలస వచ్చిన పేదలు నివసించే పేటలకు ఆ రంగు తరచుగా పడింది. బోస్టన్‌లోని రాక్స్‌బరీ వాటిలో ఒకటి.

1968లో నివాస గృహాల విషయంలో జాతి వివక్షను నిషేధిస్తూ కేంద్ర చట్టం వచ్చింది. ఆ ఏడే బోస్టన్ బ్యాంకుల కూటమి ఒకటి నల్లజాతి కుటుంబాలకు గృహఋణాలు ఇవ్వనారంభించింది. అయితే ఆ అప్పులు నగరంలో ఒక పరిమితమైన ప్రాంతానికే పరిమితమైనాయి. మాటపాన్ పేట అందులో ఉన్నది. కొందరు దళారులు అక్కడి యూదు కుటుంబాలను బెదరగొట్టి ఇళ్ళు చవకగా అమ్మించారు. గీత దాటి కొనలేని నల్లజాతి కుటుంబాలకు వాటినే ఎక్కువ వెలకు అంటగట్టారు. అమ్మినవారికీ, కొన్నవారికీ అంగడి వెలే పలికింది. ఇరువురికీ అన్యాయమే జరిగింది. మరో చోటికి పోగల స్వేచ్ఛ లేనప్పుడు అంగడి చెప్పే వెలకు న్యాయమనే పేరు చెల్లదు.

సమీకరణాలు కూడా ఈ దోషానికి అతీతం కావు. హారిసన్, రూబిన్‌ఫెల్డ్ 1978లో వాడిన బోస్టన్ గణాంకాలలో నల్లజాతి జనాభా నిష్పత్తి కూడా ఒక అంశంగా ఉన్నది. గణనయంత్రాలకు పాఠాలు నేర్పే విద్యార్థులు దశాబ్దాల పాటు ఆ పట్టికతో అభ్యాసం చేశారు. ఈ అంశం మీద విమర్శలు రాగా, సైకిట్-లెర్న్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ 2022లో దానిని తొలగించింది. గతంలోని వెలలను చూసి నేర్చుకొనే యంత్రం గతంలోని పక్షపాతాన్ని కూడా నేర్చుకుంటుంది.

హైదరాబాదు ఇంటికి ఈ లెక్క

ప్రవాస కుటుంబాలలో అనేకులు స్వదేశంలో కూడా ఒక ఇల్లు ఉండాలనుకుంటారు. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైన తరువాత హైదరాబాదు పడమటి పేటలలో ఈ కోరిక మరింత బలపడింది. బోస్టన్‌లో నేర్చిన పద్ధతులు అక్కడ కూడా పనికి వస్తాయి, కొన్ని జాగ్రత్తలతో.

మొదటిది కొలత. అపార్టుమెంటును 1,800 చదరపు అడుగులుగా చెప్పి, అడుగుకు 7,000 రూపాయల చొప్పున అమ్మితే వెల కోటీ 26 లక్షలు. ఆ 1,800లో మెట్లు, నడవలు, లిఫ్టు చోటు కలిసి ఉంటాయి. లోపల వాడుకొనే చోటు 1,300 అడుగులే అయితే, అడుగుకు పడిన అసలు వెల సుమారు 9,700 రూపాయలు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చినది ఈ గందరగోళాన్ని పోగొట్టడానికే. పోల్చేటప్పుడు ఆ కొలతతోనే పోల్చాలి. స్థలంలో ఎన్ని గజాల వాటా వస్తున్నదో కూడా అడగాలి. కట్టడం పాతబడినా నిలిచేది ఆ వాటాయే.

రెండవది దస్తావేజు. చేతులు మారిన సొమ్ముకూ, రిజిస్ట్రేషను కాగితం మీద వ్రాసిన సొమ్ముకూ పొంతన లేని లావాదేవీలు అనేకం జరిగాయి. అందువల్ల ఒకే ఇంటి రెండు అమ్మకాలను పోల్చే పద్ధతి అక్కడ కాగితాలను బట్టి సాగదు. అద్దె మాత్రం అబద్ధమాడదు. ఆ ఇంటికి నెలకు 35,000 రూపాయలు అద్దె వస్తే ఏడాదికి 4 లక్షల 20 వేలు, వెలలో 3.3 శాతం. సొమ్ముకు 7 శాతం, మరమ్మతులకు 1 శాతం వేసుకుంటే, ఆ వెలలో దాగిన వాగ్దానం ఏటా 4.7 శాతం పెరుగుదల.

మూడవది మారకం. 1995లో డాలరుకు సుమారు 32 రూపాయలు. 2024లో సుమారు 84. అంటే డాలర్లలో లెక్కించుకొనే కుటుంబానికి రూపాయల పెరుగుదల నుండి ఏటా సగటున 3 శాతానికి పైగా తరిగిపోయింది. వార్ధక్యంలో అక్కడే నివసించదలచిన వారికి ఈ తరుగు పట్టింపు కాదు. పెట్టుబడిగా మాత్రమే కొనేవారికి ఇది పెద్ద పట్టింపే.

వారాంతానికి ముందు

ఇల్లు చూడబోయే శనివారానికి ముందే ఈ లెక్కలు వేసుకొని ఉంచుకోవడం మంచిది. ఆ వీధిలో అటువంటి ఇంటికి అద్దె ఎంత? ఆ వెలలో దాగిన పెరుగుదల ఏటా ఎంత శాతం? రెండుసార్లు అమ్ముడుపోయిన ఇళ్ళు నిజంగా ఎంత పెరిగాయి? బడి గీతకు ఆవలి ప్రక్క ఇల్లు ఎంతకు దొరుకుతుంది? నేల వెల ఎంత, కట్టడం వెల ఎంత? కుటుంబం అక్కడ ఎన్నేళ్ళు ఉంటుంది? ఈ ఆరింటికి జవాబులు వ్రాసుకొని, వాటిని బట్టి దాటకూడని అంకె ఒకటి నిర్ణయించుకొని, దంపతులిద్దరూ ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకోవాలి. పదిమంది పోటీ ఉన్నారని మధ్యవర్తి చెప్పినప్పుడు ఆ కాగితం అక్కరకు వస్తుంది.

లెక్కకు మించి కొంత ఎక్కువ ఇవ్వకూడదని శాస్త్రం శాసించదు. అమ్మమ్మ మెట్లెక్కనక్కరలేని గది, దేవుడి పటాలకు తూర్పుముఖపు మూల, నడిచివెళ్ళే దూరంలో మరో తెలుగు కుటుంబం, ఇవన్నీ విలువ గల విషయాలే. వాటికోసం 20 వేల డాలర్లు అదనంగా ఇస్తున్నామని తెలిసి ఇచ్చిన కుటుంబం మోసపోలేదు. తెలియక ఇచ్చినప్పుడే ఆ వాయిదా ముప్ఫై ఏళ్ళు బరువనిపిస్తుంది.